నాలుక వాస్తే ముందు మాత్రల డబ్బా తెరవండి

మా గోదావరి డెల్టాలో ఎవరికైనా నాలుక వాచిందంటే మొదట వినిపించే మాట "వేడి చేసుంటుందండి". ఆ వెంటనే "కొబ్బరిబొండం తాగండి". ఇంకాస్త చనువున్నవాళ్ళయితే "బీకాంప్లెక్సు వేసుకోండి, నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది" అంటారు. అందరూ ప్రేమతోనే చెబుతారు. బొండం నీళ్ళు పడితే మంట నోటికి హాయిగా ఉంటుందన్నదీ నిజమే. నా అభ్యంతరమల్లా సంభాషణ అక్కడితో ఆగిపోవడం మీదే. నాలుక ఊరికే వాయదు. వాచిన నాలుక వెనక ఏదో ఒక కారణం ఉంటుంది. యాభై దాటినవాళ్ళ ఇళ్ళలో ఆ కారణం తరచుగా ఫ్రిజ్ మీదో, మంచం పక్కనో పెట్టుకునే మాత్రల డబ్బాలో కనబడుతుంది. ముందు ఆ డబ్బా తెరిచి చూడాలి, వంటింటి వైద్యం ఆ తర్వాతే మొదలుపెట్టాలి అని నేను అడుగుతున్నాను.

నేను చాలా ఏళ్ళుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. గ్యాసుకి పొద్దున్నే పరగడుపున పాంటోప్రజోల్. మా వీధిలో ఈ రెండూ లేని ఇల్లు వెతుక్కోవాలి. నాకు నాలుక మొదట కొనదగ్గర, అంచుల్లో ఎర్రబడింది. తర్వాత పైనుండే సన్నటి గరుకు పోయి నున్నగా తయారైంది. ఆ తర్వాత లావెక్కింది. అద్దంలో చూసుకుంటే రెండు పక్కలా పళ్ళ అచ్చులు పడి ఉండేవి. చారులో మిరియం తగిలినా కళ్ళ వెంట నీళ్ళు. మాట ముద్దగా రావడం మొదలైంది. తెలుగులో నాలుక మడిచి పలికే అక్షరాలు ఎన్ని ఉన్నాయో నాకు అప్పుడు తెలిసొచ్చింది. నీళ్ళు, పళ్ళు, కళ్ళు, ఊళ్ళు, పెళ్ళి: రోజూ వాడే మాటల్లోనే ళకారం కూర్చుని ఉంది. ఫోనెత్తితే అవతలివాళ్ళు "ఏంటండీ, మళ్ళీ చెప్పండి" అనేవారు. దాంతో మాట్లాడటమే తగ్గించేశాను. వాచిన నాలుకతో బతికేవాళ్ళు చాలామంది ఇలాగే నెమ్మదిగా నోరు మూసుకుంటారు. ఇంట్లోవాళ్ళు దాన్ని కోపం అనుకుంటారు.

రక్తపరీక్షలో విటమిన్ బీ12 బాగా తక్కువని తేలింది. "చేపలు తినే ఇంట్లో బీ12 తక్కువేంటండీ?" అని అందరికీ ఆశ్చర్యం. ఆశ్చర్యపోవడం సహజమే. బీ12 సహజంగా ఉండేది జంతువుల నుంచి వచ్చే తిండిలోనే: చేప, మాంసం, గుడ్డు, పాలు, పెరుగు. శాకాహారులకు పాలూ పెరుగే దిక్కు. కాబట్టి శాకాహారం తినేవాళ్ళకు లోపం వస్తే ఎవరైనా ఊహిస్తారు. కానీ కంచంలో ఉన్నది రక్తంలోకి చేరాలి కదా. తిండిలోని బీ12 మాంసకృత్తులకు అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మాత్రలు తగ్గించేది ఆ ఆమ్లాన్నే. విడివడిన బీ12 చిన్నపేగు చివరి భాగంలో ఒంటికి పడుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి అక్కడ అడ్డం వస్తుంది. రెండూ కలిపి వాడే మనిషి పులస తిన్నా పండుగప్ప తిన్నా లోపం రావచ్చు. పైగా కాలేయంలో బీ12 నిల్వ కొన్నేళ్ళకు సరిపడా ఉంటుంది. అది కరిగేదాకా ఏమీ తెలియదు. అందుకే మాత్ర మొదలుపెట్టిన ఎన్నో ఏళ్ళకు నాలుక వాస్తే, ఆ మాత్ర మీద ఎవరికీ అనుమానం రాదు.

ఇది ఎక్కడో మూలన దాగిన సంగతి కాదు. 2022 జూన్‌లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో లోపం లక్షణాలు కనబడితే బీ12 పరీక్ష చేయించమని, ముప్పు ఎక్కువున్నవాళ్ళకు అప్పుడప్పుడూ చూస్తుండమని వైద్యులకు చెప్పింది. మన దగ్గర షుగరు పరీక్ష అంటే మూడు నెలల సగటు చూస్తారు, కిడ్నీ చూస్తారు, కంటికి పంపిస్తారు. బీ12 మాట అడిగితేగాని రాదు. అడగండి. అరికాళ్ళు తిమ్మిర్లెక్కితే షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయని అందరం ఊరుకుంటాం. బీ12 లోపం వల్ల వచ్చే తిమ్మిర్లూ అచ్చం అలాగే ఉంటాయి. మొదటిదాన్ని వెనక్కి తిప్పడం కష్టం. రెండోదాన్ని తొందరగా పట్టుకుంటే చాలావరకు బాగవుతుంది. అందుకని వాచిన నాలుకా, తిమ్మిరెక్కిన పాదాలూ ఒకే మనిషిలో కనబడితే ఆ పరీక్ష చేయించకుండా వదలకూడదు.

ఇక్కడ బీకాంప్లెక్సు గురించి ఒక మాట. మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకుని మింగేసి, ఆ తర్వాత రక్తం ఇస్తే లెక్క తారుమారవుతుంది. రక్తంలో బీ12 కాస్త పెరిగినట్టు కనబడి లోపం దాగిపోతుంది. రక్తం ముందు, బిళ్ళ తర్వాత. రెండోది, పేగు పీల్చుకోలేని మనిషికి మామూలు బిళ్ళలో ఉండే కొద్దిపాటి మోతాదు చాలదు. మోతాదు పెద్దదిగా ఉండే మాత్రలు గానీ, ఇంజెక్షన్లు గానీ కావాలి, అది డాక్టరు తేల్చాల్సిన లెక్క. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. బీ12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ ఆమ్లం అనే మరో బీ విటమిన్ ఒక్కటే ఇస్తే రక్తహీనత సర్దుకుని మొహంలోకి కళ వస్తుంది. నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

ఫోలిక్ ఆమ్లం అంటే భీమవరం గుర్తుకు రావాలి. వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టిన ఊరు అది. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ముల్ని బలి తీసుకుంది. ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ జబ్బులో పేగులు పోషకాల్ని పీల్చుకోలేవు. విరేచనాలు, నీరసం, వాటితోపాటు ఎర్రగా పుండులా మారిన నాలుక. మనిషి ముద్ద మింగలేక ఇంకా చిక్కిపోతాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. సుబ్బారావు గారు 1948లో కన్నుమూశారు. బీ12ని కాలేయం నుంచి స్ఫటికాల రూపంలో వేరుచేసింది కూడా ఆ ఏడాదే. ఒక డెల్టా బిడ్డ తన ఇంట్లో చావులు చూసి, "ఈ మనిషి తిన్నది ఒంటికి ఎందుకు పట్టట్లేదు?" అన్న ప్రశ్న పట్టుకుని అంత దూరం వెళ్ళాడు. ఆయన పుట్టిన గడ్డ మీద, ఆ జబ్బుల గుర్తే నాలుక మీద కనబడుతుంటే, "వేడి" అని ఊరుకోవడం నాకు మనసుకు పట్టదు.

నాకు వైద్యం మొదలైన కొన్ని వారాలకు మంట తగ్గింది. గరుకు మెల్లగా తిరిగొచ్చింది. లావు మాత్రం చాలా ఆలస్యంగా తగ్గింది. ఇప్పటికీ అలసిపోయిన రోజున సాయంత్రానికి అంచులు మొద్దుబారతాయి.

మాత్రల డబ్బా గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం మా మావగారు. ఆయన బీపీకి చాలా ఏళ్ళుగా పేరు చివర "ప్రిల్" వచ్చే మాత్ర వేసుకునేవారు. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్, ఇవన్నీ ఆ జాతివే. ఈ వర్గంలో మొదటిది క్యాప్టోప్రిల్. బ్రెజిల్‌లోని ఒక పాము విషం మీద చేసిన పరిశోధనలోంచి పుట్టి, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. గుండెనూ కిడ్నీలనూ కాపాడే మంచి మందులవి, కోట్లమందిని నిలబెట్టాయి. కానీ వాడేవాళ్ళలో ఏ కొద్దిమందికో పెదవులు, నాలుక, గొంతు హఠాత్తుగా వాస్తాయి. ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం కరగకుండా పేరుకోవడం వల్ల అలా అవుతుంది. మొదటి వారాల్లో రావచ్చు. ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. మా మావగారికి అంతకుముందు పై పెదవి వాచి, దానంతటదే తగ్గింది. చూసినవాళ్ళు వంకాయ పడలేదన్నారు. ఓ రాత్రి నాలుక నోరంతా నిండిపోయి ఆయన లేచి కూర్చున్నారు. దద్దుర్లు లేవు, దురద లేదు. ఊళ్ళో డాక్టరు అలర్జీ ఇంజెక్షను చేశారు, ఏమీ తగ్గలేదు. ఈ రకం వాపు ఆ మందులకు సరిగ్గా లొంగదు మరి. పట్నంలో ఆసుపత్రికి తీసుకెళితే రాత్రంతా ఊపిరి కనిపెట్టుకుని ఉన్నారు. అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఏం మాత్రలు వాడుతున్నారండీ?" ప్రిల్ ఆపించి వేరే రకానికి మార్చారు. ఆ తర్వాత వాపు తిరిగి రాలేదు.

ఇది చదివి బీపీ మాత్ర మీకు మీరే మానేయకండి. లక్షణమేదీ లేనివాళ్ళు భయపడాల్సిన పని లేదు. పెదవో నాలుకో ఒక్కసారి అలా వాచి తగ్గినవాళ్ళు మాత్రం తర్వాతి మాత్ర వేసుకోకముందే డాక్టరుకు చెప్పాలి. షుగరుకు విల్డాగ్లిప్టిన్ లాంటివి కూడా వాడుతుంటే ఆ సంగతీ చెప్పాలి. ప్రిల్‌తో కలిసినప్పుడు వాపు వచ్చే అవకాశం అవి పెంచుతాయి. ఇంకొకటి, కోనసీమ వాళ్ళకు ప్రత్యేకంగా. ప్రిల్ మాత్రలు ఒంట్లో పొటాషియం పెంచుతాయి. కొబ్బరినీళ్ళ నిండా పొటాషియమే. కిడ్నీలు బలహీనంగా ఉండి ఈ మాత్రలు వాడే మనిషికి నాలుక మంటని రోజూ బొండాలు పట్టిస్తే మేలుకు బదులు కీడు జరగొచ్చు.

హఠాత్తుగా వచ్చిన వాపు విషయంలో చర్చలకు తావు లేదు. నిమిషాల్లో, గంటల్లో నాలుక పెరుగుతున్నా, గొంతు మారినా, ఉమ్మి మింగలేక కారిపోతున్నా, ఊపిరి పీలుస్తుంటే ఈలలాంటి చప్పుడు వస్తున్నా 108కి ఫోను చేయాలి. మనిషిని పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టాలి. నోట్లో మాత్ర, నీళ్ళు, తేనె ఏమీ వేయకూడదు. రొయ్యలు తిన్నాకో, కందిరీగ కుట్టాకో, కొత్త మందు వేసుకున్నాకో దద్దుర్లతో సహా వాపు వస్తే అది తీవ్రమైన అలర్జీ. దానికి ప్రాణం నిలిపేది తొడ కండలో ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షను. రొయ్యల చెరువుల మధ్య బతికే మనకు ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి. లంక గ్రామాల వాళ్ళు ఇంకా ముందుగా కదలాలి. రేవు దాటాలి, వరద రోజుల్లో పడవ దొరకాలి. తెల్లారేదాకా చూద్దామనుకునే వెసులుబాటు ఏటి గట్టుకు ఇవతలివాళ్ళకన్నా వాళ్ళకు తక్కువ.

మిగిలిన కారణాలు క్లుప్తంగా చెబుతాను. థైరాయిడ్ మందగిస్తే నాలుక దళసరి అవుతుంది. మలబద్ధకం, చలి ఎక్కువనిపించడం, గొంతు బొంగురుపోవడం తోడుంటే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. పుట్టిన బిడ్డకు నాలుక పెద్దదిగా ఉండి, ఏడుపు బొంగురుగా ఉంటే అదే పరీక్ష అస్సలు ఆలస్యం చేయకూడదు, బిడ్డ తెలివితేటలు దాని మీద ఆధారపడి ఉంటాయి. ఇనుము తక్కువైనా నాలుక నున్నబడి మండుతుంది, మన ఆడవాళ్ళలో ఇది బాగా ఎక్కువ. ఉంగరాలు, చెప్పులు బిగుతవుతూ నాలుక పెరుగుతుంటే అది హార్మోన్ల సంగతి. తెల్లటి పొర గీస్తే ఊడి కింద ఎర్రగా ఉంటే ఫంగస్ కావచ్చు. షుగరున్నవాళ్ళకు, కట్టుడు పళ్ళవాళ్ళకు, ఉబ్బసానికి పీల్చే మందు వాడేవాళ్ళకు అది త్వరగా వస్తుంది.

చుట్ట గురించి మాత్రం క్లుప్తంగా చెప్పలేను. లంక పొగాకు పేరు దేశమంతా తెలుసు, మన పెద్దవాళ్ళ నోట్లో చుట్ట లేని సాయంత్రం ఉండేది కాదు. నాలుకకు ఒకే పక్క గట్టిగా వాపో గడ్డో ఉన్నా, పుండు రెండు మూడు వారాలు దాటినా మానకపోయినా, తెల్లమచ్చో ఎర్రమచ్చో నిలిచి ఉన్నా వెంటనే చూపించాలి. చుట్ట, గుట్కా, వక్క అలవాటున్నవాళ్ళయితే మరీను. విరిగిన పన్ను గీసుకుని పుండు పడిందని పళ్ళను తిట్టుకుంటూ నెలలు గడిపేస్తారు. ఆ పన్నును అరగదీయించాక కూడా పుండు మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. తొలిదశలో దొరికిన నాలుక క్యాన్సరుకూ ముదిరాక దొరికినదానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది.

సరే, కారణం వెతుకుతున్నారు, వైద్యం మొదలైంది. ఈలోగా రోజు గడవాలి కదా.

ముందు నాలికబద్ద పక్కన పెట్టండి. పొద్దున్నే వాంతి వచ్చేదాకా నాలుక గీసుకుంటేగాని మొహం కడిగినట్టుండదు మనకి. ఎర్రబడిన నాలుకను గీస్తే ఉన్న పైపొర కూడా పోతుంది. మెత్తటి బ్రష్షు, నురగ తక్కువొచ్చే పేస్టు చాలు. గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పో, వంటసోడానో కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. ఘాటైన మౌత్‌వాష్‌లు వద్దు. లవంగనూనె, పటిక, సున్నం నాలుక దగ్గరికి రానివ్వకండి. నెయ్యి రాసుకుంటే హాయిగా ఉంటుంది, తప్పులేదు. తేనె పెద్దవాళ్ళకు పర్వాలేదు, ఏడాది లోపు పిల్లలకు మాత్రం ఇవ్వకూడదు.

తిండి విషయంలో మన వంటలే మనల్ని ఏడిపిస్తాయి, మన వంటలే ఆదుకుంటాయి. ఆవకాయ, గోంగూర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర వాపు తగ్గేదాకా చూడకూడదు. ఆనపకాయ పాలు పోసిన కూర, బీరకాయ పాలు పోసిన కూర, నెయ్యేసిన ముద్దపప్పు, మెత్తగా పిసికిన పెరుగన్నం, మిరపకాయ వేయని పల్చటి మజ్జిగ, చల్లార్చిన రాగిజావ, వీటితో నెలలైనా గడపొచ్చు. ఏదైనా పొగలు కక్కుతుండగా తినకూడదు. ఎండాకాలమైతే తాటిముంజలు. లేత ముంజను నాలుక మీద పెట్టుకుని మెల్లగా నమిలితే ఆ చల్లదనం మంచుముక్కకన్నా మృదువుగా ఉంటుంది. నా వరకు వేసవిలో దానికి మించిన ఉపశమనం లేదు. ఆత్రేయపురం పూతరేకు నమలకుండానే కరిగిపోతుంది, కానీ షుగరున్నవాళ్ళకు నేనా సలహా ఇవ్వలేను.

చేపల్లో పులసను వదులుకోవాల్సి వచ్చింది. పులస తినడమంటే ముల్లును నాలుకతో పట్టుకోవడం. ఆరోగ్యంగా ఉన్న నాలుక ఆ పని మనకు తెలియకుండానే చేసేస్తుంది. వాచిన నాలుకకు ముల్లు ఎక్కడుందో తెలియదు, గొంతులోకి వెళ్ళిపోతుంది. ముళ్ళు తక్కువుండే పండుగప్ప, కొరమేను మేలు. కారం తగ్గించి పల్చటి పులుసులో ఉడికించి, ముల్లు తీసి ముక్క చిదిపి ఇవ్వమని వండేవాళ్ళను అడగడానికి మొహమాటపడకూడదు.

రాత్రిళ్ళు వెల్లకిలా పడుకుంటే లావెక్కిన నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడుతుంది. పక్కకు తిరిగి, తల కొంచెం ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నారని ఇంట్లోవాళ్ళు చెబితే నిద్ర పరీక్ష చేయించుకోవాలి. నోరు తెరుచుకుని నిద్రపోతే నాలుక ఎండి మరీ మండుతుంది, మంచం పక్కన నీళ్ళు ఉంచుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైనది శుభకార్యాల్లో భోజనం. మా వైపు మర్యాద సంగతి తెలిసిందే కదా. "అదేంటండీ, అప్పుడే లేచిపోతారా, ఇంకొక్క గారె" అంటూ విస్తరి మీద చేయి అడ్డంపెట్టినా వడ్డిస్తారు. ఆ అభిమానం నాకూ ఇష్టమే, నేనూ అలా వడ్డించి పెరిగినదాన్నే. కానీ నోరు మండుతున్న మనిషి ఆ ఒత్తిడికి భయపడి పెళ్ళిళ్ళకే రావడం మానేస్తాడు. నేను ఇప్పుడు వెళ్ళగానే ఇంటావిడ దగ్గరికి వెళ్ళి "వదినగారూ, నాలుక బాలేదండి, నాకు పప్పూ పెరుగూ చాలు" అని ముందే చెప్పేస్తున్నాను. చెప్పాక ఎవరూ బలవంతం చేయలేదు. వడ్డించేవాళ్ళకు నాదొక విన్నపం. పెద్దవాళ్ళు వద్దంటే ఒకసారికే నమ్మండి, పెరుగు గిన్నె దగ్గర పెట్టి పక్కన కూర్చోండి. మాట ముద్దగా వస్తుంటే పూర్తయ్యేదాకా ఆగండి. మధ్యలో మీరు అందించకండి.

చివరిగా మందుల షాపులవాళ్ళకు, ఊళ్ళలో ప్రథమ చికిత్స చేసే ఆర్‌ఎంపీలకు. పెద్ద డాక్టరు దాకా వెళ్ళేలోపు మనుషులు వచ్చేది మీ దగ్గరికే. "నోరు పూసిందండి, ఏదైనా బిళ్ళ ఇవ్వండి" అని వచ్చిన మనిషికి చేతిలో స్ట్రిప్పు పెట్టేముందు "రోజూ ఏం మాత్రలు వాడుతున్నారండీ, ఎన్నాళ్ళ నుంచి?" అని అడగండి. ప్రిల్ ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపండి. మెట్‌ఫార్మిన్ ఉంటే ముందు బీ12కి రక్తం ఇచ్చి రమ్మనండి. పేర్లు చెప్పలేకపోతే ఇంటికెళ్ళి డబ్బా తెమ్మనండి.